మన బండి - మన చేతిలో

వానాకాలం. పొలం దారంతా బురద. ఒక ఊళ్ళో ఒక కోడలు రోజూ మోపెడ్ మీద పాల కేంద్రానికి పాలు తీసుకుపోతుంది. ఆ రోజు పాలు పోసి వస్తుంటే బండి నిండా బురద పట్టింది. చెరువు దగ్గర ఆగింది. గబగబా నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరించింది. వెంటనే బండెక్కి బయలుదేరింది.

మలుపులో గేదె అడ్డం వచ్చింది. బ్రేకు నొక్కింది. బండి ఆగలేదు! కంపలోకి తిప్పింది. మోచేయి గీసుకుపోయింది. పాల క్యాను సొట్ట పోయింది.

"ఈ బండి మనకొద్దు అత్తా, అమ్మేద్దాం" అంది ఇంటికొచ్చి.

"బండి అమ్మితే పాలెట్లా పోస్తావే? ముందు మెకానిక్‌కి చూపించు" అంది అత్త.

మెకానిక్ చూసి నవ్వాడు. "బండికేం కాలేదక్కా. బ్రేకుల్లోకి నీళ్ళు పోయాయి. అంతే" అన్నాడు.

ఎందుకిలా జరిగింది?

మోపెడ్ చక్రం మధ్యలో గుండ్రని డబ్బా ఉంటుంది. దాన్ని డ్రమ్ము అంటారు. దాని లోపల బ్రేకు ముక్కలు ఉంటాయి. బ్రేకు నొక్కితే అవి డ్రమ్ముకు రాసుకుంటాయి. చక్రం ఆగుతుంది. లోపల తడి ఉంటే ముక్కలు జారిపోతాయి. తడి బండ మీద కాలు జారినట్టే.

మరి కడగడం మానేయాలా? మానకూడదు. బురద ఎండితే గట్టిపడుతుంది. మడ్‌గార్డులో పేరుకుని చక్రాన్ని పట్టేస్తుంది. యూరియా బస్తాలు మోసిన బండికి తుప్పు తొందరగా పడుతుంది. అందుకే కడగాలి. కానీ పద్ధతిగా కడగాలి.

ఎలా కడగాలి?

బండిని నీడలో సెంటర్ స్టాండు వేసి నిలపాలి. తాళం చెవి తీసేయాలి. ఇంజను, సైలెన్సరు చల్లారేదాకా అరగంట ఆగాలి. కాలుతున్న ఇనుము మీద చన్నీళ్ళు పోయకూడదు.

సైలెన్సరు గొట్టం మూతికి ప్లాస్టిక్ సంచి కట్టాలి. కడగడం అయ్యాక సంచి విప్పడం మరచిపోకూడదు.

గట్టిపడిన బురదను ముందు నీళ్ళతో నానబెట్టాలి. తర్వాత పుల్లతో గీకాలి. ఎండు బురదను గుడ్డతో రుద్దితే రంగు గీరుకుపోతుంది. ఇరుసుకు చుట్టుకున్న గడ్డి, తాడు పీలికలు లాగేయాలి.

నీళ్ళు పైనుంచి మెల్లగా పోయాలి. చక్రం ఇరుసు మీద, స్విచ్చుల మీద, గాలి ఫిల్టరు మీద నీటిధార గట్టిగా కొట్టకూడదు. బట్టల సోడా వద్దు. తలకు రాసే షాంపూ కాస్త నీళ్ళలో కలిపితే చాలు.

చెరువులో, కాలువలో బండి కడగవద్దు. బండికున్న ఆయిలు నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళే పశువులు తాగుతాయి.

కడిగాక పొడిగుడ్డతో తుడవాలి. తర్వాత ఖాళీ దారిలో మెల్లగా నడపాలి. నడుపుతూ బ్రేకులు కొద్దికొద్దిగా నొక్కి వదలాలి. రాపిడి వేడికి లోపలి తడి ఆరుతుంది. బ్రేకు గట్టిగా పట్టిందని తెలిశాకే రోడ్డెక్కాలి. అప్పటికీ పట్టకపోతే మెకానిక్‌కు చూపాలి.

చైనుకు నూనె

తడిసిన చైను తుప్పు పడుతుంది. అందుకే తుడిచి, ఆరాక ఆయిలు వేయాలి. వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ చుక్కచుక్కగా వేయాలి. ఎక్కువైతే తుడిచేయాలి. లేకుంటే దుమ్ము అంటుకుంటుంది. ఆయిలు బ్రేకుల మీద, టైరు మీద పడకూడదు.

ఇంజను నడుస్తుండగా చైనును ఎప్పుడూ ముట్టుకోవద్దు. వేళ్ళు తెగిపోతాయి. చైను కవరు, చీర చిక్కకుండా ఉండే గార్డు ఊడిపోతే వెంటనే బిగించుకోవాలి. కొంగు, చున్నీ చక్రంలో పడితే ప్రాణానికే ముప్పు.

బండికీ ఊపిరి కావాలి

ఇంజను గాలి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని దుమ్మును ఫిల్టరు ఆపుతుంది. బురద నేల మీద మోటారు సైకిళ్ళ పందేలు జరుగుతాయి. వాటిని మోటోక్రాస్ అంటారు. ఆ బండ్లను నడిపిన ప్రతిసారీ కడుగుతారు. గాలి ఫిల్టరును మాటిమాటికీ శుభ్రం చేస్తారు. మన పొలం దారి దుమ్ము కూడా తక్కువేం కాదు. ఫిల్టరు మూసుకుపోతే బండి లాగదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కాగితం ఫిల్టరును నీళ్ళతో కడగకూడదు. పాడైతే మార్చాలి.

పాత రకం మోపెడ్‌కు పెట్రోలులోనే ఆయిలు కలపాలి. కలపకపోతే ఇంజను పట్టేస్తుంది. కొత్త రకానికి ఇంజనులోనే ఆయిలు విడిగా పోస్తారు. మీది ఏ రకమో తెలుసుకోండి.

కడగడమంటే చూడడం కూడా

గేదెను కడిగేటప్పుడే దాని ఒంటి మీది పుండు కనబడుతుంది. పిడుదు కనబడుతుంది. బండి కూడా అంతే. కడిగేటప్పుడే వదులైన బోల్టు, టైరులో దిగిన ముల్లు, కారుతున్న ఆయిలు కనబడతాయి. ముందే చూస్తే చిన్న ఖర్చుతో పోతుంది. చూడకపోతే దారిలో నిలబెడుతుంది.

బండితో పాటు ఒక పుస్తకం ఇస్తారు. ఆ కోడలు ఇంట్లో అది బీరువా అడుగున పడి ఉంది. ఇప్పుడు ఆమె దాన్ని బయటకు తీసింది. కూడబలుక్కుని చదివింది. ఏ టైరుకు ఎంత గాలి కొట్టాలి? ఆయిలు ఎప్పుడు మార్చాలి? చైను ఎంత వదులుండాలి? ఆ అంకెలన్నీ అందులో ఉన్నాయి. వాటిని గోడ మీద సుద్దముక్కతో రాసుకుంది. కిందటిసారి ఆయిలు మార్చిన తేదీ కూడా రాసింది.

అత్త ఆ గోడకేసి చూసింది. "బండి అమ్ముతానన్నావుగా?" అంది.

"ఎందుకత్తా? దాని సంగతి ఇప్పుడు నాకు తెలిసిందిగా" అంది కోడలు.

చర్చించండి

1. బండి కడిగిన వెంటనే వేగంగా ఎందుకు నడపకూడదు?
2. చైనుకు ఆయిలు వేసేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
3. మీ ఇంట్లో బండి ఉందా? దాని పుస్తకం ఎక్కడుంది? టైరు గాలి అంకెలు చదివి, ఇక్కడ రాయండి.