కోలుకొను కండరమే గురియైన వేళ

భుజములును తొడలును క్రమక్రమముగా బలముడుగుటచే తల దువ్వుకొనుటకు చేయెత్తలేక, పీటమీదినుండి ఒకరి యూత లేనిదే లేవజాలక బాధపడువారిని చూచి, వయసు పైబడినదనియో రక్తము తక్కువైనదనియో ఇంటివారు సరిపెట్టుకొనుచుండగా, రక్తపరీక్షలో క్రియాటిన్ కైనేజ్ అను కండరపు ఎంజైము మితిమీరి కనబడి, కండరశోథమను అరుదైన వ్యాధి బయటపడుట కలదు. దేహరక్షణకై పుట్టిన లింఫోసైట్లు స్వదేహ కండరతంతువులనే చుట్టుముట్టి నశింపజేయుట దీని స్వరూపము. గాయపడిన కండరము తన్ను తాను బాగుచేసికొను యత్నమే ఈ దాడికి ఆజ్యము పోయుచున్నదేమో యను భావము నన్ను మిక్కిలిగా కలచివేసినది.

1961లో అలెగ్జాండర్ మారో కప్పకాలి కండరమును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పరిశీలించుచు, తంతువునకును దానిపై తొడుగువంటి పలుచని పొరకును నడుమ ఒదిగియున్న చిన్న కణములను కనుగొని, వానికి శాటిలైట్ కణములని పేరిడెను. తంతువు దెబ్బతిన్నంతనే ఇవి మేల్కొని, విభజనచెంది, ఒండొంటితో కలిసి క్రొత్త తంతువును నిర్మించును. రోగి కండరపు తునకను రంగువేసి చూచినచో, ఈ లేత తంతువులు పెద్దవైన కేంద్రకములతో నీలివర్ణమున వేరుగా తెలియును.

2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున లివియా కాషియోలా-రోసెన్ బృందము గమనించిన విశేష మిచ్చటనే యున్నది. ఈ రోగుల యాంటీబాడీలు గురిపెట్టు జో-1, ఎంఐ-2 అను ప్రోటీనులు పరిపక్వమైన కండరమున స్వల్పముగను, పునర్నిర్మాణమందున్న కణములలో సమృద్ధిగను ఉండెను. అనగా నాశమునుండి పునర్నిర్మాణము, పునర్నిర్మాణమునుండి క్రొత్త గురి, ఆ గురినుండి మరల నాశము. కొన్ని క్యాన్సరు కణితులలోను ఇవే ప్రోటీనులు అధికముగా కనబడుటచే, కొందరు పెద్దలలో ఈ రెండు వ్యాధులు జంటగా వచ్చుటకు ఒక హేతువు దొరకినట్లయినది.

కొలెస్టరాల్ తగ్గుటకై మనలో ననేకులు వాడు స్టాటిన్ మాత్రల విషయమున ఈ చక్రము మరింత స్పష్టము. మాత్ర అడ్డగించు ఎంజైమునే కణము మరింతగా ఉత్పత్తి చేయును. బహు అరుదుగా కొందరిలో దానిపై యాంటీబాడీలు పుట్టి, ఇట్టి కండరవ్యాధి కలుగును. కోలుకొనుచున్న తంతువులలో ఆ ఎంజైము మెండుగా నుండుటచేతనే కాబోలు, మాత్ర మానినను వ్యాధి కొనసాగుచుండును. ఇది విని వైద్యునడుగక మాత్రలు మానుట మాత్రము ప్రమాదకరము.

కావున చికిత్స మొదట స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ వంటి మందులతో రక్షణవ్యవస్థ యుద్ధృతిని అణచవలెను. కాని దీర్ఘకాలము వాడిన స్టెరాయిడ్లే కండరమును క్షీణింపజేయును. పూర్వము ఈ రోగులకు వ్యాయామము నిషిద్ధము. పర్యవేక్షణలో చేసిన వ్యాయామము శోథమును పెంచక బలమును చేకూర్చునని స్టాక్‌హోమ్ కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు చూపిన పిదప, మంచము పట్టియున్నవారిని మెల్లమెల్లగా నడిపించుట చికిత్సలో భాగమైనది.