కొండగుఱ్ఱముల వంశమూలము

చోడవరము నుండి మాడుగుల మీదుగా పాడేరు కొండలెక్కినచో, బండి పోలేని గూడెములకు బియ్యము, ఉప్పు మోయు చిన్న గుఱ్ఱములు నేటికిని కనబడును. వీని వంశమెక్కడిది?

పురాతన గుఱ్ఱముల ఎముకలలోని జన్యువులను పరిశీలించి, 2021లో శాస్త్రజ్ఞులొక నిర్ణయమునకు వచ్చిరి. నేటి పెంపుడు గుఱ్ఱములన్నింటికిని పుట్టినిల్లు వోల్గా, డాన్ నదుల దిగువ మైదానములు. సుమారు 4,200 ఏండ్ల క్రిందట అవి అచటినుండి నలుదెసలకు వ్యాపించినవి. వీనిలో తండ్రివైపు వంశములు మిక్కిలి తక్కువ. తల్లివైపు వంశములు అనేకము. అనగా ఎంపిక చేసిన కొలది మగగుఱ్ఱములతో అనేక ప్రాంతముల ఆడగుఱ్ఱములను దాటించిరని భావము.

మన దేశమునకు సముద్రముమీదను గుఱ్ఱములు వచ్చినవి. శ్రీకృష్ణదేవరాయలు (1509–1529) గోవాలోని పోర్చుగీసువారినుండి గుఱ్ఱములను కొనెను. ఏ ప్రాంతపు గుఱ్ఱములో ఏ రక్తమెంత కలిసినదో జన్యుపరీక్ష వలననే తేలును.

మార్వాడీ, కాఠియావాడీ, మణిపురీ, స్పితి మొదలగునవి గుర్తింపు పొందిన దేశవాళీ జాతులు. ఆ పట్టికలో మన కొండగుఱ్ఱమునకు చోటులేదు. దేశమున 2012లో 6.25 లక్షలున్న గుఱ్ఱములు 2019 పశుగణనలో 3.4 లక్షలకు తగ్గినవి. రోడ్డు పడినకొలది గుఱ్ఱముతో పని తగ్గును, రోడ్డు రావలసినదే. కాని పోయిన వంశము మరల రాదు.

కనుక పంచాయతీ సభ్యులు తమ గ్రామములలోని గుఱ్ఱముల ఎత్తు, రంగు, తల్లిదండ్రుల వివరములను పుస్తకమున వ్రాయించి పశువైద్యునకు చూపవలెను. జాతులను నమోదు చేయు జాతీయ సంస్థ హర్యానాలోని కర్నాలులో కలదు. ముందు లెక్క యున్నగదా, తరువాత రక్షణ!