కొట్టు కట్టివేసిన కంపెనీ కారు కొనవచ్చునా?



పట్టుచీర కొనునపుడు జరీ గీకి చూతుము. కుండ కొనునపుడు వ్రేలితో కొట్టి చూతుము. వంకాయల బుట్టలో అడుగునున్నవానిని పైకి తీయించి చూడనిదే తక్కెడలో వేయనీయము. ఇంటికి లక్షల వెలగల మోటారుబండి వచ్చునపుడు మాత్రము, అది మగవారి వ్యవహారమని పసుపు కుంకుమలు పళ్లెరములో పెట్టుకొని వాకిట నిలుచుందుము. బండి వచ్చును; హారతి యిత్తుము; చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టుదుము. అది ఎట్టి బండియో ఆరు మాసములకు గాని మనకు తెలియదు.

మొన్న మాఘమాసములో వేంసూరు పోయినపుడు మాకీ యాలోచన కలిగినది. వేంసూరు ఖమ్మము జిల్లాలో సత్తుపల్లికి దాపుననున్న మండల కేంద్రము. ఒకవైపున ఆంధ్రప్రదేశ్ సరిహద్దు. మరియొకవైపు దమ్మపేట, అశ్వారావుపేటల మీదుగా భద్రాచలపు టడవులకు దారి. మామిడి, ఆయిలుపాము, వరి ఇచటి వారికి జీవనాధారములు. అచట మా అన్నగారి కాపురము. మా అమ్మయు వారివద్దనే యున్నది.

గత వర్షాకాలమున ఒకనాటి రాత్రి అమ్మకు ఆయాసము వచ్చినది. వీధిలోని అద్దె బండి పెండ్లివారితో పోయియుండెను. అన్నగారును వదినెగారును అమ్మను ట్రాక్టరుమీద పరుపు వేసి, పైన టార్పాలిను కప్పి, సత్తుపల్లి చేర్చిరి. దైవము చల్లగా చూచినాడు. కాని ఆ రాత్రి మొదలు వదినెగారికి నిద్ర లేదు. పాడుకొన్న చీటీ సొమ్మును, తన పుట్టింటివారు పెట్టిన గొలుసును కలిపి, ఇంటికొక కారు కొనితీరవలెనని పట్టుపట్టిరి.

అంతలో సరిహద్దు కవతలి ఊరినుండి ఒక వ్యాపారి నల్లని షెవ్రొలే క్యాప్టివా బండిని తెచ్చి వాకిట నిలిపినాడు. 2012లో రిజిస్టరైనది. ఏడుగురు కూర్చుండవచ్చును. క్రొత్తదిగానున్నపుడు పదునెనిమిది లక్షలకు దగ్గరగా పలికిన తరగతి బండిని మూడు లక్షల పదివేలకే యిత్తుననినాడు. అన్నగారు చుట్టును మూడు ప్రదక్షిణలు చేసి, "ఈ సొమ్ముకు చిన్నకారు కూడ మంచిది రాదు. ఇది ఏనుగువంటి బండి" అనిరి. "ఏనుగే. మేత సంగతి చూడవద్దా?" యని వదినెగారు మావైపు చూచిరి. అందుచేత ఆ బండిని పరీక్షించు పని మా నెత్తిన పడినది.

ముందుగా వెల యేల తగ్గినదో విచారింతము. షెవ్రొలే అను పేరు 1911లో అమెరికాలో పుట్టినది. పందెములలో కార్లు నడపిన లూయీ షెవ్రొలేయు, విలియం డ్యూరాంటును దానిని స్థాపించిరి. తరువాత అది జనరల్ మోటార్స్ వారి చేతికి వచ్చినది. ఆ సంస్థవారు 1928లోనే బొంబాయిలో కార్లు కూర్చు కర్మాగారము పెట్టి, 1954లో మూసివేసిరి. మరల 2003లో షెవ్రొలే పేరుతో మనదేశమున అమ్మకములు మొదలిడిరి. 2004లో వచ్చిన టవేరాను ఎరుగని తెలుగు పల్లెయుండదు. ఎన్ని పెండ్లి బృందములు, ఎన్ని తిరుపతి యాత్రలు దానిలో సాగినవో! 2008లో క్యాప్టివా వచ్చినది. ఐనను వ్యాపారము నిలువలేదు. 2013లో పొగకు సంబంధించిన నిబంధనల విషయమున 1,14,000 టవేరా బండ్లను వెనుకకు పిలిపించవలసి వచ్చుటయు సంస్థ పేరుకు దెబ్బయైనది. 2017 మే మాసములో, ఆ సంవత్సరాంతముతో మనదేశమున అమ్మకములు మానుచున్నామని ప్రకటించిరి. గుజరాతులోని హలోల్ కర్మాగారము చీనా దేశపు సంస్థకు పోయి, అందులో ఎం.జి. కార్లు తయారగుచున్నవి. పూనాకు దగ్గరనున్న తళేగాఁవ్ కర్మాగారము ఎగుమతులకై మాత్రము 2020 డిసెంబరు వరకు నడచినది.

కొట్టు కట్టివేసినవాని సరకునకు బజారులో గౌరవము తగ్గును. సరకు చెడ్డదగుటచేతనే కాదు; రేపు ఎవరిని అడుగవలెనన్న భయముచేత. వెల తగ్గుటకు మొదటి కారణమిదియే.

ఈ బండి వంశవృక్షము మరియొక చిత్రము. దక్షిణ కొరియాలో దేవూ వారి యింట రూపొందిన బండి యిది. స్వదేశమున దీని పేరు దేవూ విన్‌స్టార్మ్. ఆస్ట్రేలియాలో హోల్డెన్ క్యాప్టివా. మన పిల్లలు చదువులకు పోవు అమెరికాలో దీని దాయాది సాటర్న్ వ్యూ. సాటర్న్ పేరు 2010తో అంతరించినది. దేవూ పేరును కొరియాలోనే 2011లో తీసివేసిరి. హోల్డెన్ ముచ్చట 2020లో ముగిసినది. ఐరోపాలో షెవ్రొలే వారు 2015తో సాధారణ కార్ల వ్యాపారము చాలించిరి. ఏ యింటికి పోయిన ఆ యింటి పేరే మాసిపోయినదని వదినెగారు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. కాని ఇందొక మేలు గలదు. ఇన్ని దేశములలో ఇన్ని పేర్లతో తిరిగిన బండి గనుక, దాని భాగములు లోకములో బొత్తిగా కరవు కాలేదు. అవి లోకములో నుండుట వేరు, సత్తుపల్లిలో నుండుట వేరు. ఆ మాట ముందు వచ్చును.

ఇక బండి గుణములు. అమ్మను చేయి పట్టి ముందు సీటులో కూర్చుండబెట్టితిమి. మోకాళ్ల నొప్పులుగల ఆమె పీట లేకయే ఎక్కినది. ఈ బండి జీపులవలె ఎత్తుగా నుండదు, చిన్నకార్లవలె నేలకు కరచుకొనియు నుండదు. పెద్దవారు గల యింటికి ఇది సామాన్యమైన గుణము కాదు. కందుకూరు వైపు బాటలో నడపించి చూచితిమి. గుంతలలో కుదుపు తెలియనీయలేదు. రెండు లీటర్ల డీజిలు ఇంజను 150 గుఱ్ఱముల బలము గలది. నిండుగా జనమెక్కినను మూలుగదు. (2012లో ఇంతకంటె పెద్దదగు 2.2 లీటర్ల ఇంజను వచ్చినది. మేము చూచినది పాతది.) వెనుకటి మూడవ వరుస మాత్రము పిల్లలకే. అందులో పెద్దవారిని కూర్చుండబెట్టిన మోకాళ్లు గడ్డమునకు తగులును. ఆ వరుస ఎత్తిన సామానులకు చోటుండదు. ఏడుగురితో భద్రాచల యాత్ర పోదలచినవారు ప్రసాదపు బుట్టను ఒడిలో పెట్టుకొనవలెను. దాదాపు రెండు టన్నుల బరువు గనుక డీజిలును ధారాళముగా త్రాగును.

పరీక్షా విధమును కొంచెము వివరముగా వ్రాయుదుము. ఇది ఏ పాతబండికైనను పనికివచ్చును, మెకానిక్కు లేకయే మనము చేయదగినది. వ్యాపారి వచ్చుటకు ముందే ఇంజను వేడెక్కించి తెచ్చునేమో బానెటుపై చేయి వేసి చూడవలెను. చల్లని ఇంజనును మొదటిసారి త్రిప్పినపుడే దాని రోగము బయటపడును. నీలపు పొగ వచ్చిన ఆయిలు కాలుచున్నదని యర్థము. ఆయిలు పోయు మూత విప్పి లోపల చూడవలెను. పాలు కలిపిన కాఫీ రంగు జిడ్డున్నచో ఆయిలులో నీరు చేరినదన్నమాట. తాళము త్రిప్పగనే ఎయిరుబ్యాగు గుర్తుగల ఎఱ్ఱ దీపము వెలిగి, కొన్ని క్షణములలో ఆరిపోవలెను. ఆరకున్న లోపమున్నది. అసలు వెలుగనే వెలుగకున్న, లోపమును దాచుటకు దీపమునే తీసివేసియుండవచ్చును. ఇది మరింత ప్రమాదము.

టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2317 అనిన 2017వ సంవత్సరము ఇరువదిమూడవ వారమున తయారైనదని యర్థము. నల్లరంగు పూసి నిగనిగలాడించిన టైర్లను చూచి అన్నగారు మురిసిరి. వదినెగారు కొంగు నడుమున దోపి వంగి ఆ యంకెలు చదివి, "మన చిన్నవాడు బడిలో చేరకముందువి ఇవి" అనిరి. వ్యాపారి ముఖము చూడవలసినది.

మన ప్రాంతమున తప్పక చూడవలసినది మరియొకటి కలదు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 2024 సెప్టెంబరు మొదట మున్నేరు ఖమ్మము పట్టణపు వీధులను ముంచినది. అదే సమయమున బుడమేరు విజయవాడను ముంచినది. ఆ నీటిలో నిలిచిన కార్లలో కొన్ని కడిగి తుడిచి అంగళ్లకు వచ్చును. కాళ్లక్రింది చాపను ఎత్తి ముక్కు పెట్టి వాసన చూడుడు. సీటు జరుగు ఇనుప పట్టాలపై త్రుప్పు, నడుముపట్టీని చివరవరకు లాగినపుడు బురదచార కనబడినచో మారుమాట లేక లేచి రండు. ఎండబెట్టిన బియ్యము ముక్కవాసన పోగొట్టుకొననట్లు నీట మునిగిన బండియు పోగొట్టుకొనదు. ఈ నల్లబండిలో ఆ వాసన లేదు. న్యాయముగా చెప్పవలెను గదా.

కాగితముల విషయమున మాత్రము తగవు మొదలైనది. సొంత కారునకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏండ్లకే. దీనికి 2027లో గడువు తీరును. అటుపిమ్మట బండికి పరీక్ష చేయించి, అయిదేండ్లకొకమారు పొడిగించుకొనవలెను. అంతవరకు 600 రూపాయలుగా నుండిన ఆ రుసుమును 2022 ఏప్రిలునుండి 5,000 రూపాయలు చేసిరి. మరియు ఇది ఆంధ్రప్రదేశ్ నంబరు బండి. ఒక రాష్ట్రపు బండిని మరియొక రాష్ట్రమున పండ్రెండు మాసములకు మించి ఉంచుకొన్న అచట మరల రిజిస్టరు చేయింపవలెను. జీవితపు పన్ను చెల్లింపవలెను. వెనుకటి ఆఫీసునుండి అభ్యంతరము లేదను పత్రము తేవలెను. "ఈ చుట్టుప్రక్కల ఎవరడుగుతారమ్మా" యని వ్యాపారి నవ్వినాడు. అడుగువారు లేనంతవరకు ఎవరును అడుగరు. ప్రమాదము జరిగిననాడు ఇన్సూరెన్సువారే మొదట అడుగుదురు. పాతబండి కొన్న 14 దినములలోపల ఇన్సూరెన్సును తమ పేరనకు మార్చుకొనవలెనని కూడ మరువరాదు. ఢిల్లీనుండి వచ్చిన డీజిలు బండ్లయెడ ఇంకను జాగ్రత్త కావలెను. పదేండ్లు దాటిన డీజిలు బండ్లు అచట తిరుగరాదని 2015లో హరిత న్యాయస్థానము ఉత్తరువు చేయగా, 2018లో సుప్రీంకోర్టు బలపరచినది. అప్పటినుండి అట్టి బండ్లు చౌకగా దక్షిణమునకు దిగుచున్నవి.

మరునాడు బండిని సత్తుపల్లిలో ఒక షెడ్డుకు తీసికొనిపోయితిమి. ఆ మెకానిక్కు వయసు మీరినవాడు, మాట పొదుపు. గంటసేపు క్రింద దూరి, పైన వంగి చూచి, చేతులు తుడుచుకొనుచు, "బండి మంచిదేనమ్మా. జబ్బు చేస్తే మందు ఇక్కడ దొరకదు" అన్నాడు.

వివరమడిగితిమి. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు రేకులు దొరకునట. లేదా విజయవాడ ఆటోనగరునుండి ఒక దినమున తెప్పింపవచ్చునట. కాని హెడ్‌లైటు పగిలినను, తలుపు అద్దము పోయినను, లోపలి కంప్యూటరు పెట్టె మొరాయించినను ఆటోనగరులో పాతసామాను కొట్లు వెదకవలెను. అచట లేకున్న ఢిల్లీ కాశ్మీరీ గేటుకు వ్రాయవలెను. ఆ పెట్టెను చదువగల యంత్రము తనవద్ద లేదని అతడు దాచలేదు. "ఎన్నాళ్లు పట్టవచ్చును?" అంటిమి. "వారమూ కావచ్చు, నెలా కావచ్చు."

వదినెగారు అచటనే బల్లపై కూర్చుండి వ్రేళ్లమీద లెక్క వేసిరి. వెల మూడు లక్షల పది. టైర్లు నాలుగు. రిజిస్ట్రేషను, పన్ను. ఈ రకపు ఇంజనులో రబ్బరు పట్టా యొకటి గలదు. అది తెగిన ఇంజను పాడగును. మార్చినట్లు చీటీ లేదు గనుక రాగానే మార్పింపవలెను. ఇంతవరకు సొమ్ముతో తీరును. "బండి షెడ్డులో నెల పడియున్నపుడు అత్తయ్యకు మళ్లీ ఆయాసము వస్తే?" అనిరి. అన్నగారు బదులు చెప్పలేదు.

మా అభిప్రాయమడిగినవారికి మేము చెప్పినదిది. హైదరాబాదులో నుండి, ఇంట మరియొక బండి గలిగి, సెలవు దినములలో నలుగురితో దూరప్రయాణములు చేయువారు ఈ క్యాప్టివాను కొనవచ్చును. ఈ వెలకు ఇంత సుఖము నిచ్చు బండి వేరొకటి దొరకుట కష్టము. ఇదివరకే కలవారు తొందరపడి అయినకాడికి అమ్ముకొననక్కరలేదు. చక్కగా నడపుకొనుచు, దొరకినపుడు ఒక హెడ్‌లైటును, ఒక అద్దమును కొని అటకమీద పెట్టుకొనుట మంచిది. కాని వేంసూరువంటి చోట, ఇంటికి ఒకేయొక బండిగా, అర్ధరాత్రి ఆపదకు నమ్ముకొను బండిగా ఇది పనికిరాదు. అన్నగారు రెండు దినములు ముభావముగా నుండిరి. అందమైన బండి గదా, వారిని తప్పు పట్టలేము.

చివరకు దమ్మపేటలో తెలిసినవారివద్ద పాత బొలెరో నొకదానిని కొనిరి. దానికంటె లక్ష రూపాయలు ఎక్కువైనది. సుఖమునకు దానితో సాటి రాదు; కుదుపు తెలియును, చప్పుడును చేయును. కాని సత్తుపల్లిలో దాని సామాను అమ్మని కొట్టు లేదు. గొలుసు పోయినందులకు వదినెగారు విచారింపలేదు. అమ్మ మాత్రము దాని ఎత్తుచూచి, "ఆ నల్లబండే నయం. కాలు ఎత్తకుండానే ఎక్కినాను" అన్నది. మేము బయలుదేరి వచ్చుదినమున వాకిట వడ్రంగి వేపచెక్కతో పీట చేయుచుండెను. అమ్మ ప్రక్కన కుర్చీలో కూర్చుండి, ఇంకొక అంగుళము ఎత్తు పెంచుమని చెప్పుచుండెను.