చదువుకొని వాడే కంప్యూటరు

పనిముట్టును వాడడం వేరు, ఎరిగి వాడడం వేరు. నేడు బడిలోనూ ఇంటిలోనూ కంప్యూటరు లేనిదే పొద్దు గడవదు. కాని దానిని నడిపే ఆపరేటింగ్ సిస్టం మన తరఫున ఏమి చేస్తున్నదో విచారించేవారు అరుదు. ఆ విచారణను నిత్యకృత్యంగా చేసుకొన్నవారు లోకంలో కొద్దిమంది ఉన్నారు. వారిలో కొందరు బల్లమీద నిలుపుకొన్న వ్యవస్థ పేరు ఓపెన్‌బీఎస్‌డీ.

దీని వంశం ఘనమైనదే. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్సుకు అంకురార్పణ చేశారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో దానికొక శాఖ పెరిగింది. ఆ శాఖ సంతతియైన నెట్‌బీఎస్‌డీ నుండి 1995లో విడివడినది ఓపెన్‌బీఎస్‌డీ. కెనడాలోని కాల్గరీ నగరవాసి థియో డి రాట్ దీనికి మూలపురుషుడు. సాధారణంగా ఏటా రెండు కూర్పులు వెలువడుతాయి. వెల లేదు.

ఈ వ్యవస్థను నెలకొల్పుకొన్నవారికి అందులోని తపాలాపెట్టెలో ఒక ఉత్తరం సిద్ధంగా ఉంటుంది. డి రాట్ పేర వచ్చే ఆ లేఖ స్వాగతం పలికి, వెంట ఉన్న వివరణ పుటలను చదువుకొమ్మని చెబుతుంది. ‘మ్యాన్’ అనే చిన్న ఆజ్ఞ పక్కన పనిముట్టు పేరు వ్రాస్తే చాలు, దాని వివరణ తెరమీదికి వస్తుంది. ఇంటర్నెట్టుతో పని లేదు. ఆ పుటలలో పొరపాటు దొర్లితే అచ్చుతప్పని ఉపేక్షించరు. ప్రోగ్రాములోని దోషంగానే ఎంచి దిద్దుతారు. నిఘంటువు తెరవక ముందే అర్థం అడిగే అలవాటుకు ఇంతకంటె మంచి మందు లేదు.

మరి నిత్యోపయోగానికి పనికివస్తుందా? నిస్సందేహంగా వస్తుంది. ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ లభిస్తాయి. నోటో ఖతులు తెచ్చుకొని, కీబోర్డును తెలుగు అమరికకు మార్చుకొంటే ప్రశ్నపత్రం హాయిగా వ్రాసుకోవచ్చు. అయితే ఎక్స్‌టెర్మ్ అనే ఆజ్ఞల కిటికీలో మన గుణింతాలూ ఒత్తులూ చెదరిపోతాయి. ఇది తెలుగువారికి లోపమే.

లోపాలు మరికొన్ని ఉన్నాయి. బ్లూటూత్ లేదు, ఉన్న భాగం సరిగా పనిచేయడం లేదని 2014లో తొలగించారు. ఇంటెల్ ప్రాసెసర్లలోని హైపర్‌త్రెడింగ్ వల్ల రహస్యాలు పొక్కవచ్చునని శంకించి, కొంత వేగం పోయినా సరేనని 2018లో దానిని నిలిపివేశారు. కావలసినవారు మరల తెరచుకోవచ్చు.

ఫైర్‌ఫాక్స్‌లో ఉత్తరానికి దస్త్రం జతచేయబోతే ‘డౌన్‌లోడ్స్’ సంచిలోనివి తప్ప మన తక్కిన కాగితాలు కనిపించవు. మొదట చిరాకు కలుగుతుంది. కారణం తెలిస్తే చల్లబడుతుంది. బ్రౌజరు ఎవరెవరి పుటలనో తెచ్చి తెరుస్తుంది. దానిని దుర్మార్గుడెవడైనా వశపరచుకొన్నా మన దస్త్రాలు అతని చేత చిక్కరాదు. ముక్కు మొగం తెలియనివానిని వసారాలోనే కూర్చోబెట్టడం వంటిదిది. ఇందుకు తోడ్పడే సాధనాలు రెండు: తనకు కావలసిన పనులు తప్ప చేయనని ప్రోగ్రాముచేత ముందే మాట తీసుకొనే ‘ప్లెడ్జ్’ 2016లోనూ, చూడదగిన చోట్లను మాత్రమే చూపే ‘అన్‌వెయిల్’ 2018లోనూ వచ్చిన కూర్పులలో చేరాయి.

ఇంత కొద్దిమంది ఆదరించే వ్యవస్థవల్ల లోకానికేమి లాభమని అడుగవచ్చు. దూరాన ఉన్న కంప్యూటరుతో గోప్యంగా వ్యవహరించడానికి 1999లో వీరు రూపొందించిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ నేడు లినక్స్, మాక్, విండోస్ మూడింటిలోనూ పనిచేస్తున్నది.

అందరూ దీనికి మారవలెనని చెప్పడం నా అభిమతం కాదు. సౌకర్యం కోరేవారికి వేరే దారులున్నాయి. కాని సౌకర్యానికి బదులుగా ఏమి ఇస్తున్నామో విద్యార్థి తెలుసుకోవాలి. మూలపడిన పాత కంప్యూటరు బడిలో ఉంటే, అందులోని దస్త్రాలను మరొకచోట భద్రపరచి, దీనిని ఎక్కించి చూడవచ్చు. పిల్లలచేత మొదట ఆ ఉత్తరం, పిదప ఒక్క వివరణ పుట మొదటినుండి చివరివరకు చదివించగలిగితే ఆ పూట పాఠం జరిగినట్లే.