చెక్ ఇంజిన్ లైట్ వెలిగిందా? జాబ్‌కార్డు మీద సంతకం కంటే ముందు స్కాన్ చేయండి

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. వెయ్యి రూపాయల లోపు దొరికే ఒక చిన్న డబ్బా గురించి. దాన్ని నేను ఇష్టపడి కొనలేదు, కోపంతో కొన్నాను.

మాది పెద్దపల్లి. బాపు నడిపే పెట్రోల్ కారులో ఒకరోజు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, బండి కొంచెం జర్క్ కొడుతోంది. నేను హైదరాబాద్‌లో ఉన్నా. బాపు ఒక్కడే కరీంనగర్‌లోని సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాడు. (పేరు రాయను, కంపెనీ సెంటరే.) సాయంత్రానికి బిల్లు 11,400. థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనర్, ఇంజిన్ ఫ్లష్, చివరికి ఏసీ వాసన పోయే స్ప్రే కూడా. లైట్‌కూ ఏసీ వాసనకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తిరిగి వస్తుంటే సుల్తానాబాద్ దాటకముందే లైట్ మళ్లీ వెలిగింది. ఫోన్ చేస్తే సర్వీస్ అడ్వైజర్ "సార్, సెన్సార్ సెటిల్ అవ్వాలి, రెండ్రోజులు నడపండి" అన్నాడట. నేను బాపును అడిగా, ఇవన్నీ ఎందుకు ఒప్పుకున్నవని. "ఏమో బిడ్డా, చదువుకున్న పిలగాడు కంప్యూటర్ల చూసి చెప్తుంటే కాదని ఎట్లంట? సంతకం పెట్టిన" అన్నాడు. డబ్బుల కంటే ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ "కంప్యూటర్" సంగతే చూద్దాం అని బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ ఆర్డర్ పెట్టా. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఒకటి ఉంటుంది, అదే ఓబీడీ-2 పోర్ట్. అమెరికాలో 1996 నుంచి తప్పనిసరి. మన దగ్గర 2013 ఏప్రిల్ తర్వాత వచ్చిన కార్లలో సాధారణంగా ఉంటుంది. మార్కెట్‌లో దొరికే చవక అడాప్టర్లు చాలావరకు ఈఎల్‌ఎం327 అనే కెనడా చిప్‌కు క్లోన్లు. క్లోన్ అయినా బేసిక్ కోడ్లు చదవడానికి చాలు. ఆండ్రాయిడ్‌కు మామూలు బ్లూటూత్‌ది సరిపోతుంది, ఐఫోన్‌కైతే బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై ఉన్నదే తీసుకోండి, లేకపోతే కనెక్టే అవ్వదు. యాప్స్‌లో టార్క్ పాతది, కార్ స్కానర్ వాడటానికి తేలిక.

శనివారం ఇంటికెళ్లి ప్లగ్ చేశా. కోడ్ పీ0301. అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్. జాబ్‌కార్డులో ఈ నంబర్ ఎక్కడా లేదు. ఇంకో రీడింగ్ చూసి మాత్రం నవ్వొచ్చింది: "కోడ్ చెరిపినప్పటి నుంచి తిరిగిన దూరం". 57 కి.మీ. జాబ్‌కార్డు మీద రాసిన ఓడోమీటర్ రీడింగ్‌కూ అప్పటి రీడింగ్‌కూ తేడా 59. అంటే కోడ్ చెరిపింది వాళ్ల దగ్గరే. నిజానికి రిపేర్ చేశాక కోడ్ చెరపడం తప్పేం కాదు, అందరూ చేసేదే. కానీ ఏ కోడ్ వచ్చిందో కస్టమర్‌కు చెప్పకుండా, కాగితం మీద రాయకుండా చెరపడం ఏంటి? (ఈ రీడింగ్ అన్ని కార్లూ ఇవ్వవు, మీది ఇస్తుందో లేదో చూసుకోండి.)

తర్వాతి పని మా ఇంటి దగ్గరి మెకానిక్ అన్నతో కలిసి చేశాం. ఇంజిన్ చల్లారాక ఒకటో సిలిండర్ ఇగ్నిషన్ కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని ఒకటోదానికి మార్చాం. ప్లగ్గులు కదపలేదు. కోడ్ చెరిపి కాస్త తిప్పితే ఈసారి పీ0302 వచ్చింది. కోడ్ కాయిల్ వెంటే వెళ్లింది కాబట్టి దోషం కాయిల్‌దే. కొత్తది రెండు వేల లోపే. ఒక్క హెచ్చరిక: లైట్ నిలకడగా కాకుండా మెరుస్తూ ఉంటే మాత్రం బండి నడపొద్దు. కాలని పెట్రోల్ వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది, అప్పుడు బిల్లు వేరే లెవెల్.

ఇదేదో మా ఒక్కరి గోల అనుకోకండి. విడిభాగాలు, డయాగ్నస్టిక్ టూల్స్ బయటి గ్యారేజీలకు అందనివ్వట్లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. కానీ మెకానిక్ అన్న దగ్గర స్కానర్ లేకపోవడానికీ, బాపు కరీంనగర్ దాకా వెళ్లడానికీ మూలం అక్కడే ఉంది.

స్క్రీన్‌షాట్లు, బిల్లు, పాత కాయిల్ ఫొటో పెట్టి సర్వీస్ సెంటర్‌కు మెయిల్ చేశా. నాలుగు రోజులు ఉలుకూ లేదు పలుకూ లేదు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేసి ఆ నంబర్‌తో ఇంకో మెయిల్ పెడితే మరుసటి రోజే ఫోన్ వచ్చింది. థ్రాటిల్ క్లీనింగ్, ఇంజెక్టర్ క్లీనర్ డబ్బులు వెనక్కి ఇచ్చారు. ఫ్లష్‌కు, ఏసీ స్ప్రేకు "కస్టమర్ ఒప్పుకున్నారు కదా సార్" అన్నారు. సంతకం ఉంది మరి, అక్కడ నేను ఓడిపోయా.

మీరు కొంటే రెండు జాగ్రత్తలు. కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా స్క్రీన్‌షాట్ తీసుకోండి, చెరిపితే అదీ పోతుంది. బండి ఆపాక అడాప్టర్ పీకేయండి. బ్యాటరీ తింటుంది, పైగా చవక క్లోన్ల పిన్ దాదాపు అన్నిటికీ 1234 లేదా 0000.

మా డబ్బా ఇప్పుడు గ్లవ్ బాక్స్‌లో ఉంది. మొన్న బాపు వీడియో కాల్ చేసి "ఏ నంబరూ వస్తలేదు బిడ్డా, ఇది పనిచేస్తలేదా?" అన్నాడు. కోడ్ లేకపోతే ఏమీ చూపించదని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది.