నల్లబెల్లమా, తెల్లబెల్లమా?

ఈ ఆదివారం మీ ఇంట్లోవాళ్లు సంచి పట్టుకుని బజారుకు బయలుదేరితే మీరూ వెంట వెళ్లండి. రైతు తన పంటను తానే తెచ్చి అమ్ముకునేందుకు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలయ్యాయి. హైదరాబాదులో మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి బజార్లు చాలామంది ఎరిగినవే. ఇప్పుడు నగరంలో సేంద్రియ సంతలు కూడా జరుగుతున్నాయి. అక్కడ గానుగ నూనె, బెల్లం, దంపుడు బియ్యం, కొర్రలు వరసగా కనిపిస్తాయి. 'సహజం', 'స్వచ్ఛం' అనే మాటలూ కనిపిస్తాయి. ధర కూడా ఎక్కువే. ఆ మాటల్లో నిజమెంత? ఇంటి డబ్బూ, ఇంటిల్లిపాది ఆరోగ్యమూ ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నాయి. కాబట్టి ఒక్కొక్క అంగడి ముందు కాసేపు ఆగి చూద్దాం.

ముందు బెల్లం. ఒక దిమ్మ ముదురు గోధుమరంగులో ఉంది. ఇంకొకటి బంగారంలా మెరుస్తోంది. చాలామంది చేయి మెరిసేదానిమీదికే పోతుంది. చెరకురసాన్ని పెనంలో మరిగించినప్పుడు అందులోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి గోధుమరంగు పదార్థాలవుతాయి. రొట్టె కాలినప్పుడు వచ్చే రంగూ ఇలాంటిదే. ఆ రంగు పోగొట్టడానికి కొందరు 'హైడ్రోస్' కలుపుతారు. దాని అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్. ఇది క్షయకరణి. రంగు పదార్థాలను క్షయకరించి వెలవెలబోయేలా చేస్తుంది. మోతాదు మించితే బెల్లంలో సల్ఫర్ డై ఆక్సైడ్ మిగిలిపోతుంది. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి అది పడదు. అలాగని నల్లబెల్లమంతా మంచిదనుకోకండి. అడుగంటినా, పాతబడినా బెల్లం నల్లబడుతుంది. ఇంకో సంగతి: ఏ రంగుదైనా బెల్లంలో అధికభాగం చక్కెరే!

పక్కనే గానుగ నూనె. వేరుసెనగ గింజలో దాదాపు సగం నూనే. గానుగలో గింజ నెమ్మదిగా నలుగుతుంది కనుక ఎక్కువ వేడి పుట్టదు, కమ్మని వాసన నిలుస్తుంది. కాని చెక్కలో కొంత నూనె మిగిలిపోతుంది. పెద్ద మిల్లుల్లో హెక్సేన్ అనే ద్రావణితో ఆ కాస్తా లాగేస్తారు. గానుగ నూనె ధర ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

మరి పాతపద్ధతి అంటే ప్రమాదం లేనట్టేనా? 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వాటికి మేతగా వేసిన వేరుసెనగ పిండిలో బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసిందని తరవాత తేలింది. నూనెను శుద్ధిచేసేటప్పుడు క్షారంతో కడగడంవల్ల ఈ విషం చాలావరకు పోతుంది. గానుగ నూనెకు ఆ శుద్ధి ఉండదు. అందుకే గింజ బాగా ఎండి, బూజు లేకుండా ఉండాలి. "గింజలు ఒకసారి చూపిస్తారా?" అని గానుగ ఆయనను అడగండి.

చివరగా సేంద్రియం. వంకాయను ఎంత తిప్పి చూసినా ఏ ఎరువుతో పండిందో చెప్పలేం. పుచ్చు ఉంటే సేంద్రియమేనని కొందరంటారు. మందు కొట్టిన తోటలోనూ పురుగు మిగలవచ్చు కదా! సేంద్రియమన్నది కాయలో కనిపించే గుణం కాదు, పండించిన పద్ధతి. అందుకే తనిఖీ పొలంలో జరగాలి. పి.జి.ఎస్. పద్ధతిలో కనీసం అయిదుగురు రైతులు జట్టుకట్టి ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుంటారు. ధ్రువీకరించిన సరుకు పొట్లంమీద 'జైవిక్ భారత్' గుర్తు చూడవచ్చు. తన పంటను నేరుగా మనకే అమ్మే చిన్నరైతుకు ధ్రువపత్రం తప్పనిసరి కాదు. అప్పుడు ఏ ఎరువు వేశారో, పురుగుకు ఏం కొట్టారో మర్యాదగా అడిగి తెలుసుకోవాలి.

ఇంటికి వచ్చాక ఒక ప్రయోగం చేయండి. గ్లాసు నీళ్లలో బెల్లం కరిగించి కదపకుండా ఉంచండి. అడుగున తెల్లటి పొడి పేరుకుంటే సుద్ద కలిసి ఉండవచ్చు. ఆ పొడిని బడికి తీసుకువెళ్లి, మాస్టారి సమక్షంలో దానిమీద సజల హైడ్రోక్లోరికామ్లం నాలుగు చుక్కలు వేయండి. సుద్ద అయితే బుసబుస పొంగుతుంది. హైడ్రోస్ మాత్రం ఇలా బయటపడదు, దానికి వేరే పరీక్షలు కావాలి. పొంగినప్పుడు వచ్చే వాయువు ఏమిటి? దాన్ని సున్నపు తేటతో ఎలా గుర్తుపడతారు? మీరే చెప్పండి!