క్యాన్సర్‌ మందు వెనుక రక్త క్యాన్సర్‌ ముప్పు

ఒక క్యాన్సర్‌ను నయం చేసిన మందే కొన్నేళ్ల తర్వాత అదే రోగికి రక్త క్యాన్సర్‌ తెచ్చిపెట్టడం అరుదే అయినా, వైద్యులకు కొత్త విషయం కాదు. ఈ సందర్భంలో తరచూ వినిపించే పేరు ఎటోపొసైడ్‌. హిమాలయాల్లోనూ, అమెరికా అడవుల్లోనూ పెరిగే పోడోఫిల్లం జాతి మొక్కల నుంచి లభించే పదార్థం దీనికి మూలం. వృషణాల, ఊపిరితిత్తుల క్యాన్సర్లతోపాటు పిల్లల్లో వచ్చే కొన్ని కణుతులకూ దీన్ని వాడతారు.

కణం విభజన చెందేటప్పుడు డీఎన్‌ఏ పోగులు చిక్కుపడతాయి. టోపోఐసోమరేజ్‌-2 అనే ఎంజైము ఒక పోగును రెండు పేటలూ తెంచి, మరో పోగును ఆ సందులోంచి పోనిచ్చి, తిరిగి అతికిస్తుంది. ఎటోపొసైడ్‌ ఆ అతుకు పడనీయదు. తెగిన పోగులు పేరుకుపోయి క్యాన్సర్‌ కణం చనిపోతుంది. మందు చేయాల్సిన పని అదే. అయితే ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేసే కణాలకూ ఈ కోత తప్పదు. వాటిలో చావక మిగిలిన కణం తెగిన కొసలను తప్పుగా అతికించుకుంటేనే ప్రమాదం. 11వ క్రోమోజోముపై ఉండే ఎంఎల్‌ఎల్‌ జన్యువు వేరే క్రోమోజోము ముక్కతో అతుక్కోవడం ఈ తరహా లుకేమియాలో తరచూ కనిపించే గుర్తు.

మందుతోపాటు, శరీరంలో దాన్నుంచి పుట్టే పదార్థాలకూ ఇందులో పాత్ర ఉందని పరిశోధకులు అనుమానిస్తున్నారు. కాలేయంలోని సీవైపీ3ఏ4 ఎంజైము ఎటోపొసైడ్‌లో కొంత భాగాన్ని కాటెకాల్‌గా మారుస్తుంది. అది ఆక్సీకరణ చెంది క్వినోన్‌ అవుతుంది. మజ్జలో ఎదుగుతున్న తెల్లకణాల్లోని మైలోపెరాక్సిడేజ్‌ కూడా ఈ రెండో మార్పు చేయగలదు. దెబ్బ మజ్జకే ఎందుకు తగులుతుందన్న ప్రశ్నకు ఇదొక జవాబు కావచ్చు. క్వినోన్‌ టోపోఐసోమరేజ్‌కు గట్టిగా అంటుకుని డీఎన్‌ఏ కోతలను పెంచుతున్నట్లు ప్రయోగశాలల్లో తేలింది.

ఫిలడెల్ఫియా పరిశోధకులు 1998లో మరో ఆధారం చూపారు. సీవైపీ3ఏ4 జన్యువులో ఒక ప్రత్యేక మార్పు, తనంతట వచ్చిన లుకేమియా రోగులు 99 మందిలో 19 మందికి ఉండగా, చికిత్స తర్వాత లుకేమియా సోకిన 30 మందిలో ఒక్కరికే కనిపించింది. ఇంత చిన్న సంఖ్యను రుజువుగా తీసుకోలేం.

ఎటోపొసైడ్‌ వల్ల వచ్చే లుకేమియా సాధారణంగా ఒకటి నుంచి మూడేళ్లలో బయటపడుతుంది. సైక్లోఫాస్ఫమైడ్‌ వంటి మందులతోనైతే ఐదు నుంచి పదేళ్లు పట్టవచ్చు. ఈ భయంతో చికిత్స మానుకుంటే అసలు జబ్బుకే ప్రాణం అప్పగించినట్లవుతుంది. చికిత్స ముగిశాక ఎడతెగని జ్వరం, పాలిపోవడం, చిగుళ్ల నుంచి రక్తం, ఒంటిపై కమిలిన మచ్చలు కనిపిస్తే మాత్రం వెంటనే రక్తకణాల పరీక్ష చేయించుకుని, ఏ మందు ఎంత మోతాదులో వాడారో తెలిపే పాత కాగితాలను వైద్యునికి చూపించాలి.